సీత–అనసూయ పాటలు తూకానికి వేయకండి

పాత గ్రామఫోను రికార్డులు కొంటున్నానంటే నన్ను వింతగా చూసేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. చీరలు కొంటే ఎవరూ ఏమీ అనరు. స్టీలు డబ్బాలు కొంటే ఎక్కడ కొన్నావని అడుగుతారు. రికార్డులు అనగానే మాత్రం, "ఇప్పుడన్నీ యూట్యూబ్‌లో ఉన్నాయి కదా అక్కా, ఇంట్లో ఆ దుమ్మెందుకు?" అంటారు.

అన్నీ లేవండీ. సినిమా పాట ఉంటుంది. దాని వెనక హీరో ఉంటాడు, హీరోకి అభిమానులుంటారు, పాట హక్కులు అమ్ముకునే కంపెనీ ఉంటుంది. సినిమాకి ఎక్కని పాట, అందులోనూ ఇద్దరు ఆడవాళ్ళు కలిసి పాడిన పల్లెపాట అయితే, ఎవరో ఒకరు పనిగట్టుకుని అటక మీద నుంచి దించి, కడిగి, సూది పెట్టి, కాపీ చేస్తే తప్ప ఎక్కడా ఉండదు. అలా చేసినవాళ్ళ పుణ్యాన కొన్ని మిగిలాయి. ఈమాట వెబ్ పత్రికలో పరుచూరి శ్రీనివాస్ గారు పాత రికార్డులు, రేడియో పాటలు ఓపిగ్గా పెట్టి వినిపించకపోతే నాలాంటిదానికి ఈ పిచ్చి పట్టేదే కాదు.

నేను వెతికేది వింజమూరి అక్కచెల్లెళ్ళ రికార్డులు. సీత–అనసూయ అంటే మన అమ్మమ్మల తరానికి ఇంటిపేరు చెప్పక్కర్లేదు. కాకినాడ అమ్మాయిలు. అనసూయాదేవి గారు 1920లో పుట్టారు, 2019 మార్చిలో అమెరికాలో హ్యూస్టన్‌లో పోయారు. తల్లి వెంకటరత్నమ్మ గారు ఆ రోజుల్లోనే 'అనసూయ' అనే స్త్రీల పత్రిక నడిపారు. మేనమామ దేవులపల్లి కృష్ణశాస్త్రి. ఎనిమిదేళ్ళప్పుడే అనసూయ గొంతు రికార్డుకెక్కిందంటారు. ఎనిమిదేళ్ళంటే మూడో తరగతి పిల్ల! మన పిల్లలకి ఆ వయసులో స్టేజీ మీద పేరు చెప్పడానికే నోరు రాదు.

డిగ్రీలో మాకు కృష్ణశాస్త్రి ఉన్నాడు. భావకవిత్వం, కృష్ణపక్షం, ప్రకృతి, విరహం అంటూ పదిహేను మార్కుల ప్రశ్నకి నేను మూడు పేజీలు రాసేదాన్ని. ఆ కవిత్వాన్ని పుస్తకం ముట్టనివాళ్ళ చెవిదాకా మోసుకెళ్ళిన ఇద్దరు మేనకోడళ్ళ ఊసు మాత్రం మూడేళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. బళ్ళో మనందరం పాడిన 'జయజయజయ ప్రియభారత' పాటకి బాణీ కట్టింది అనసూయాదేవి గారని నాకు తెలిసేసరికి నా డిగ్రీ అయిపోయి, పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టి వాళ్ళు కూడా ఆ పాట పాడేశారు. అరవైల్లో కృష్ణశాస్త్రి గారికి గొంతు జబ్బు చేసి మాట పోయింది. ఆ సంగతి ప్రతి పాఠ్యపుస్తకంలో ఉంటుంది. పాట పాడిన గొంతుల సంగతే ఉండదు.

ఇంకో సంగతి కూడా చెప్పుకోవాలి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ రికార్డు ఇచ్చిన దగ్గర్నుంచి చాలా ఏళ్ళు రికార్డులకి పాడిన ఆడవాళ్ళంటే ఎక్కువగా వృత్తిగా పాడేవాళ్ళు, నాటకాలవాళ్ళు. "మంచి ఇళ్ళ" ఆడపిల్లలు పాట నేర్చుకోవడం పెళ్ళిచూపుల వరకే. అలాంటి రోజుల్లో వీళ్ళు రికార్డులిచ్చారు, సభల్లో పాడారు, 1938లో మద్రాసు రేడియో మొదలయ్యాక అక్కడా పాడారు. పాడింది కూడా త్యాగరాజ కీర్తనలు మాత్రమే అయితే ఇంట్లోవాళ్ళు మర్యాదగా ఒప్పుకునేవారేమో. వీళ్ళు దంపుళ్ళ పాటలు, కూలిపాటలు, లాలిపాటలు పట్టుకొచ్చి హార్మోనియం పక్కన కూర్చోబెట్టారు. వడ్లు దంచే ఆడది పాడుకునే పాట కూడా సంగీతమే అని నమ్మి, టిక్కెట్టు కొని వచ్చినవాళ్ళ ముందు పాడటానికి ఎంత ధైర్యం కావాలో చూడండి.

ఇక సీతగారి సంగతి మన హైదరాబాదువాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. ఆవిడ ఇక్కడి ఆకాశవాణిలో జానపద సంగీతం పని చూశారు. 1980లో వచ్చిన 'మా భూమి' సినిమా చూశారా? గౌతమ్ ఘోష్ తీసింది, తెలంగాణ సాయుధ పోరాటం మీద. 'బండెనక బండి కట్టి' అని గద్దర్ పాడింది అందరికీ గుర్తుంది. ఆ సినిమా సంగీతంలో వింజమూరి సీత పేరు ఉందని ఎంతమందికి తెలుసు? కాకినాడలో పెరిగిన ఆడమనిషి నల్గొండ పాటకి చెవి ఒగ్గింది. మాది సూర్యాపేట వైపు. మా వీధిలో సగం మంది గోదావరి, కృష్ణా జిల్లాలవాళ్ళు. ఆంధ్ర, తెలంగాణ అని మాటామాటా పెరిగినప్పుడల్లా నాకు సీతగారే గుర్తొస్తారు. పాట అటూ ఇటూ తిరిగింది, మనుషులే తిరగలేదు.

రికార్డులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతుంటారు. అందరూ జుమ్మెరాత్ బజార్ అంటారు. నేనూ వెళ్ళాను. మెట్రోలో గాంధీభవన్ దాకా, అక్కణ్ణుంచి ఆటో. గురువారం పొద్దున్నే వెళ్తే దొరుకుతాయి గానీ అక్కడి వ్యాపారులకి రేటు బాగా తెలుసు. నల్లగా గుండ్రంగా ఏది ఉన్నా "యాంటిక్ హై మేడమ్" అంటారు. దాని మీద ఏముందో చదవరు. నాకు దొరికినవాటిలో మంచివి మా దిల్‌సుఖ్‌నగర్‌లోనే, ఎల్‌బీనగర్ దారిలోనే దొరికాయి. ఎలాగంటే, మా చుట్టుపక్కల పీ అండ్ టీ కాలనీ, చైతన్యపురి, సరూర్‌నగర్, కొత్తపేటల్లో ఒకప్పుడన్నీ రెండు కొబ్బరిచెట్లు, ఒక జామచెట్టు ఉన్న సొంత ఇళ్ళు. గవర్నమెంటు ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళు కట్టుకున్నవి. ఇప్పుడు ఒక్కొక్కటే డెవలప్‌మెంటుకి ఇచ్చేస్తున్నారు. కూలగొట్టే ముందు వారం ఇల్లు ఖాళీ చేస్తారు కదా, అటకలు దిగేది అప్పుడే. ఇత్తడి బిందెలు కూతురు పట్టుకెళ్తుంది. టేకు మంచం కొడుక్కి. ట్రంకు పెట్టెలో ఉన్న రికార్డులు ఎవరికీ అక్కర్లేదు, "పాత ఇనుము, పాత ప్లాస్టిక్ కొంటాం" అని మైకులో పాడుకుంటూ వచ్చే బండికి వెళ్తాయి. అట్టలు పేపర్ల తూకంలోకి పోతాయి. పళ్ళాలు ఏ తూకంలోకీ రావు కాబట్టి ఊరికే పడేస్తారు.

అందుకని నేను బండివాళ్ళతో ఒప్పందం చేసుకున్నాను. నల్ల పళ్ళాలు కనబడితే పగలగొట్టకుండా నా దగ్గరికి తేవాలి. మంచిదైనా కాకపోయినా ఒక్కోదానికి యాభై. నూటికి తొంభై హిందీ సినిమావి, హరికథలు, ఎవరో నాదస్వరం. ఐదేళ్ళలో సీత–అనసూయల పేరున్నవి నాలుగు దొరికాయి. నాలుగంటే నాలుగే. ఇంత చెప్పింది ఆ నాలుగింటికా అని మీరు నవ్వచ్చు. మా ఆయన రోజూ నవ్వుతూనే ఉన్నారు.

డబ్బు మాట కూడా ఎత్తుతాను, ఎందుకంటే మీలో చాలామంది మనసులో ఉన్నది అదే. బజార్‌లో ఒక్క రికార్డుకి నాలుగు వందలు ఇచ్చాను, అదే ఎక్కువ. మూడు స్పీడులున్న పాత ప్లేయరు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, అది నా చీటీ డబ్బు. ఇంటిఖర్చులో మిగిల్చి కట్టుకున్న చీటీ. ఆ డబ్బు నాదా, ఇంటిదా అని ఇంట్లో ఒక చర్చ నడిచింది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కూరగాయల దగ్గర పది, పాలదగ్గర ఐదు మిగిల్చినదంతా పిల్లల ఫీజుకో, ఆడపడుచు కూతురి పెళ్ళి కానుకకో పోయినప్పుడు అది నాదని ఎవరూ అడగలేదు. నాకోసం ఖర్చుపెట్టిన రోజే అది ఎవరిదనే ప్రశ్న వచ్చిందంటే, ఆ ప్రశ్న డబ్బు గురించి కాదు. మగవాళ్ళు నాణేలు, స్టాంపులు పోగేస్తే అభిరుచి. మనం పోగేస్తే చెత్త. మా ఇంట్లో అబ్బాయి ఎంసెట్ పుస్తకాలు సర్దేశాక అలమరలో ఒక అర ఖాళీ అయింది. ఆ అర నాది అన్నాను. పెళ్ళై ఇరవై రెండేళ్ళకి బీరువా తాళం కాకుండా నాదంటూ అడిగిన మొదటి చోటు అదే. ఇచ్చారు లెండి, కాస్త గొణిగి.

ఇంతవరకు రికార్డుల గొప్ప చెప్పాను. ఇప్పుడు వాటి లోటు కూడా చెప్పాలి, నాకు అసలు చెప్పాలని ఉన్నది ఇదే.

మొదటి రికార్డు కడిగి పెట్టిన రోజు మా అత్తమ్మ వరండాలో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆవిడకి డెబ్బై ఎనిమిది. పాట అయ్యేదాకా ఏమీ అనలేదు. అయ్యాక, "అయిపోయిందా? గింతేనా?" అంది. గింతే అత్తమ్మా, ఒక వైపుకి మూడు నిమిషాలు పైచిల్లరే పడుతుంది అని చెప్పాను. పదంగుళాల పళ్ళెం నిమిషానికి డెబ్బై ఎనిమిది సార్లు తిరుగుతుంటే అంతకన్నా పట్టదు. ఆవిడ చిక్కుడుకాయ కింద పెట్టి, "మూడు నిమిషాల్ల వడ్లు దంచుడు అయితదా బిడ్డా? పుట్టెడు వడ్లు ఒడిసేదాక పాట ఒడవద్దు" అంది. అని అదే వరసలో తనకి తెలిసిన పాట ఎత్తుకుంది. రికార్డులో మూడు చరణాలుంటే ఆవిడ దగ్గర పన్నెండు దాకా వచ్చాయి. మధ్యలో రోకలి పడే చోట ఊపిరి వదిలే చప్పుడొకటి చేసింది. రికార్డులో ఆ చోట హార్మోనియం ఉంది.

అప్పుడు అర్థమైంది నాకు, పాట పొడుగు పనిని బట్టి ఉండేదని, రికార్డు వచ్చాక పళ్ళేన్ని బట్టి కుదిరిందని. ఇందులో అక్కచెల్లెళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళు తెంపి కుదించకపోతే ఆ మూడు చరణాలు కూడా మనదాకా వచ్చేవి కావు. కానీ రికార్డులో ఉన్నదే అసలు పాట అనుకోవడం మనం చేసే పని. మా అత్తమ్మ పాడితే "అది కాదు, రికార్డులో ఇలా ఉంది" అని మా అమ్మాయి సరిదిద్దబోయింది! ఆవిడ నోరు మూసుకుంది. మళ్ళీ పాడించడానికి నాకు వారం పట్టింది.

లేబుల్ చూడండి. నా దగ్గరున్నవాటిలో ఒకదాని మీద అక్కచెల్లెళ్ళ పేర్లున్నాయి, జానపదం అని ఉంది. ఎవరి దగ్గర విని నేర్చుకున్నారో ఆ ఆడమనిషి పేరు లేదు. అరచేతిలో సగం కూడా లేని లేబుల్ మీద చోటెక్కడిది అంటారు. కంపెనీ బొమ్మకి దొరికింది కదా! కృష్ణశాస్త్రి రాస్తే కృష్ణశాస్త్రి అంటాం. నాట్లేసే మల్లమ్మో, దంచే వెంకమ్మో కడితే జానపదం అంటాం. జానపదం అంటే ఎవరిదీ కాదని మన లెక్క. పాడిన అక్కచెల్లెళ్ళని పండితులు మర్చిపోయినట్టే, వాళ్ళకి పాట ఇచ్చినవాళ్ళని రికార్డు మర్చిపోయింది. మరుపు పైనుంచి కిందికి మెట్టు మెట్టుగా దిగుతుంది, చివరి మెట్టు మీద ఎప్పుడూ మా అత్తమ్మలాంటివాళ్ళే ఉంటారు.

అందుకే రికార్డులు పోగేసేవాళ్ళందరితో నాకు కుదరదు. ఈ లోకంలో పరిచయమైనవాళ్ళలో కొందరు ఎంతో మంచివాళ్ళు, అడగకుండానే కాపీ పంపుతారు. ఇంకొందరున్నారు, తమ దగ్గర ఉన్నది ఇంకెవరి దగ్గరా లేదనే ఆనందం కోసమే పోగేస్తారు. ఒకాయన తన దగ్గర వింజమూరివారి రికార్డు ఉందన్నాడు. వినిపించమంటే ఫోటో పంపాడు. కాపీ ఇస్తే దాని విలువ పోతుందట. లేబుల్ ఫోటో ఏం వింటాం? బంగారం లాకర్లో పెట్టినట్టు పాట పెట్టేవాళ్ళు పెట్టుకోనీయండి, నా అరలో ఉన్న నాలుగూ మా అబ్బాయి సాయంతో ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను, అడిగిన ప్రతివాళ్ళకీ పంపుతున్నాను. అసలు పళ్ళెం నా దగ్గర ఉండటం కన్నా పాట నలుగురి ఫోన్లలో ఉండటమే నాకు ముఖ్యం. నా తర్వాత ఆ అర ఏమవుతుందో నాకు తెలుసు కదా, ఆ బండే వస్తుంది.

వాటి పక్కనే అత్తమ్మ పాటలు కూడా పెట్టాను. ఇప్పటికి పంతొమ్మిది. ఫోన్లో రికార్డు చేసి, పాట పేరు, ఎవరి దగ్గర నేర్చింది, ఏ పని చేస్తూ పాడేవారు, అన్నీ నోట్‌బుక్‌లో రాశాను. "మా చిన్నమ్మ పాడుతుండె" అంటే ఆ చిన్నమ్మ పేరు అడిగి రాశాను. ఈ మధ్య ఆవిడ చరణాలు కలిపేస్తోంది. సంక్రాంతికి తొమ్మిది చరణాలు పాడిన పాట ఉగాదికి ఆరయింది. ఒక్కోసారి మధ్యలో ఆగి, "ఆ... ఏందది?" అని నావైపు చూస్తుంది. నోట్‌బుక్ చూసి నేను అందిస్తే మళ్ళీ ఎత్తుకుంటుంది. అలా ఎత్తుకున్నప్పుడు గొంతులో వణుకుండదు.

కాబట్టి రికార్డులు వెతకండి అంటూనే ఒక వరస చెబుతాను. ముందు ఇంట్లో ఉన్న మనిషి, తర్వాతే అటక మీది పళ్ళెం. పళ్ళెం ఎనభై ఏళ్ళు ఆగింది, ఇంకో ఏడాది ఆగగలదు.

పళ్ళెం దొరికితే ఏం చేయాలో కూడా చెప్పాలి కదా. ఈ 78 రికార్డులు ప్లాస్టిక్‌వి కావు, లక్కతో చేసినవి. మన గాజుల్లో, బొమ్మల్లో వాడే లక్కే. చేతిలోంచి జారితే పెంకులా పగులుతుంది. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, పుస్తకాల్లా నిలబెట్టండి. మురికి ఉంటే చల్లనీళ్ళలో రెండు చుక్కల సబ్బు వేసి, మెత్తటి గుడ్డతో గీతల వెంబడే గుండ్రంగా తుడవండి. లేబుల్ తడవనీయకండి. స్పిరిట్, శానిటైజర్ అసలు వద్దు, లక్కని కరిగించేస్తాయి. వేడినీళ్ళూ వద్దు. ఎల్‌పీ రికార్డుల సూది వీటికి పనికిరాదు, వీటి గాడి వెడల్పు. పాత ప్లేయర్లలో చిన్న మీట ఉంటుంది, తిప్పితే సూది రెండో వైపు వస్తుంది, దాని మీద 78 అని ఉంటుంది, అదే వాడాలి. కీ ఇచ్చే పాత గ్రామఫోను ఉంటే మాత్రం ఇనపసూది ప్రతి వైపుకీ కొత్తది మార్చాలి. లేకపోతే పాట పాడుతూనే గాడి అరిగిపోతుంది.

నా నాలుగింటిలో ఒకదానికి అంచు దగ్గర అరంగుళం ముక్క విరిగిపోయి ఉంది. రికార్డు బయటి అంచు నుంచి మొదలవుతుంది కదా, అందుకని రెండువైపులా మొదటి అర నిమిషం పోయింది. ఒక వైపు మేనకోడలిని అత్తవారింటికి పంపే పాట. సూది పడేసరికి అమ్మాయి అప్పటికే గడప దాటేసి ఉంటుంది, వెనకనుంచి ఎవరో జాగ్రత్తలు చెబుతుంటారు. పల్లవి లేదు. లేబుల్ మీద పాట పేరు ఉన్న చోట చెదలు తిన్నాయి. మా అత్తమ్మకి ఆ పాట రాదు, "గది అటు దిక్కు పాట" అంది. గోదావరి, విశాఖ వైపు వాళ్ళెవరైనా చదువుతుంటే, మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే చెప్పండి, ఆ ముక్క మీకు పంపుతాను. పక్కన కూర్చోబెట్టి వినిపించండి. మొదలు ఎలా ఉందో ఆవిడ పాడితే ఫోన్లో రికార్డు చేసి పంపండి. పేరు, ఊరు కూడా రాయండి.